గణితం చెబుతూ న్యాయశాస్త్రం చదివిన సంజీవయ్య

దామోదరం సంజీవయ్య పేరు చెప్పగానే మనకు రెండు పదవులు గుర్తుకొస్తాయి. దేశంలో ఒక రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిన మొదటి దళితుడు ఆయన. అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్ష పీఠమెక్కిన మొదటి దళితుడూ ఆయనే. ఏటా ఫిబ్రవరి 14న విగ్రహాలకు దండలు వేసే నాయకులు ఈ రెండు మాటలూ చెప్పి దిగిపోతారు. ఆ పదవులకు ముందు, 1940లలో, మద్రాసు నగరంలో ఒక పేద యువకుడు పాఠశాలలో పిల్లలకు గణితం చెబుతూ లా కళాశాలలో న్యాయశాస్త్రం చదివిన కాలం ఒకటుంది. దాని గురించి మాట్లాడేవారు తక్కువ. నా దృష్టిలో సంజీవయ్య జీవితంలో ఈనాటి దళిత విద్యార్థికి అన్నిటికంటే పనికొచ్చే అధ్యాయం అదే.

నేను పుట్టింది హిందూపురంలోని ఒక దళితవాడలో. నల్లకోటు వేసుకుంటున్నది పెనుకొండ కోర్టులో. ఈ రెంటి మధ్య కొన్నేళ్లు ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారి దగ్గర లెక్కలు రాశాను. నేను చదివిన రోజుల్లో మా కళాశాలలో తరగతులు ఉదయం పూటే ముగిసేవి. మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా జమాఖర్చుల పుస్తకం ముందు కూర్చునేవాణ్ణి. ఆ వెసులుబాటు లేకపోతే నాకు ఈ వృత్తి లేదు. ఇప్పుడు నా దగ్గరకు వచ్చే పిల్లలు అడిగే మొదటి ప్రశ్న ఏ పుస్తకం చదవాలని కాదు. లా చదువుతూ చేసుకోగలిగిన పూర్తికాలపు ఉద్యోగం ఏదైనా ఉందా అని. ఆ ప్రశ్నకు జవాబు వెదుకుతూ నేను సంజీవయ్య జీవితాన్ని మళ్లీ చదువుకున్నాను.

ఆయన 1921 ఫిబ్రవరి 14న కర్నూలు జిల్లా పెద్దపాడులో ఒక మాల కుటుంబంలో పుట్టారు. తండ్రి మునయ్య, తల్లి సుంకులమ్మ. సొంత భూమి లేని కుటుంబం. నేతపని, కూలిపని వారి బతుకుతెరువు. బిడ్డ ఇంకా ఊయలలో ఉండగానే తండ్రి చనిపోయారు. అన్న చిన్నయ్య కష్టం మీద, బంధువుల ఆదరణ మీద ఆ పిల్లవాడి చదువు సాగింది. కర్నూలు మున్సిపల్ ఉన్నత పాఠశాలలో చదివి, ఎస్‌.ఎస్‌.ఎల్‌.సి.లో జిల్లాకే ప్రథముడిగా నిలిచారు.

ధర్మవరం మగ్గాల సందుల్లో తిరిగిన నాకు నేతపని అన్న మాట దగ్గర ఆగాలనిపిస్తుంది. మగ్గం ముందు కూర్చున్నవాడికి కాలం తన చేతిలోనే ఉన్నట్టు చూసేవారికి అనిపిస్తుంది. కానీ చీర పూర్తయి మగ్గం దిగేదాకా కూలి చేతికి రాదు. ఒక పూట బడికి వెళ్తే ఒక పూట నేత ఆగుతుంది. ఇలాంటి ఇంట్లో ఒక పిల్లవాడు చదువుకోవడమంటే ఇల్లంతా కలిసి తన కూలిలో కొంత వదులుకోవడం. చదువుకు అయ్యే ఖర్చులో ఫీజు చిన్న భాగం. చదువుతున్న కాలంలో రాకుండా పోయే కూలే అసలు ఖర్చు. ఈ లెక్క భూమి ఉన్న కుటుంబాలకు తెలియదు. తెలియవలసిన అవసరం వారికి రాలేదు.

ఉన్నత విద్య కోసం సంజీవయ్య అనంతపురం దత్తమండల కళాశాలలో చేరారు. 1916లో మొదలైన ఆ కళాశాల రాయలసీమకు చదువుల తల్లి. సర్వేపల్లి రాధాకృష్ణన్ కొంతకాలం అక్కడ పాఠాలు చెప్పారు. మన నీలం సంజీవరెడ్డి అక్కడి విద్యార్థే. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం పిల్లలు తరతరాలుగా రైలెక్కి వెళ్లింది ఆ ఊరికే. సంజీవయ్య అక్కడ గణితం ప్రధానంగా బి.ఏ. చదివి, 1942 ప్రాంతంలో పట్టభద్రులయ్యారు.

ఇక్కడ ఇద్దరు సంజీవులను పక్కపక్కన పెట్టి చూడాలి. సంజీవరెడ్డి సంపన్న రైతు కుటుంబంలో పుట్టారు. గాంధీజీ ప్రభావంతో 1931లో చదువు వదిలి స్వాతంత్ర్యోద్యమంలోకి వెళ్లారు. అది త్యాగమే, సందేహం లేదు. కానీ కళాశాలను వదిలేసినా ఆయనకు తిరిగి వెళ్లడానికి ఇల్లు, పొలం, ఊళ్లో గౌరవం ఉన్నాయి. సంజీవయ్యకు పట్టా తప్ప మరే ఆస్తీ లేదు. దాన్ని వదిలేసే స్వేచ్ఛ కూడా ఆయనకు లేదు. ఒకే కళాశాల, ఒకే కొలమానం, అవే పరీక్షలు. ఆ నాలుగు గోడల బయట ఇద్దరికీ ఉన్న కాలం మాత్రం ఒకటి కాదు. కులం ఆస్తిని, గౌరవాన్ని పంచినట్టే కాలాన్ని కూడా పంచుతుంది.

పట్టా చేతికి వచ్చేనాటికి రెండో ప్రపంచయుద్ధం నడుస్తోంది. ధాన్యానికి, కిరోసిన్‌కు కరువు. ప్రభుత్వం రేషనింగు కార్యాలయాలు తెరిచింది. గణితంలో పట్టభద్రుడైన సంజీవయ్య కర్నూలు రేషనింగు కార్యాలయంలో గుమాస్తాగా చేరారు. తరువాత మద్రాసులో కేంద్ర ప్రభుత్వానికి చెందిన ఒక తాత్కాలిక ఉద్యోగానికి వెళ్లారు. యుద్ధకాలపు కొలువులు యుద్ధంతోనే ముగిశాయి. జిల్లాకు ప్రథముడైన ఆ యువకుడు పాతికేళ్ల వయసులో మళ్లీ పని వెదుక్కునే స్థితికి వచ్చాడు.

అప్పుడాయన మద్రాసు లా కళాశాలలో చేరారు. చదువు సాగడానికి డబ్బు కావాలి. అందుకు ఆ నగరంలోనే ఒక ఉన్నత పాఠశాలలో గణిత ఉపాధ్యాయుడిగా పనిచేశారు. అటు బి.ఎల్‌. విద్యార్థి, ఇటు గణితం పంతులు. 1948లో బి.ఎల్‌. పట్టా అందుకున్నారు. 1950లో మద్రాసులో న్యాయవాదిగా పేరు నమోదు చేసుకున్నారు. అదే ఏడాది తాత్కాలిక పార్లమెంటులో సభ్యులయ్యారు. 1952 ఎన్నికల్లో మద్రాసు శాసనసభకు ఎన్నికై, రాజాజీ మంత్రివర్గంలో మంత్రి అయ్యారు. పిల్లలకు లెక్కలు చెప్పిన పాఠశాల నుంచి మంత్రి పదవికి పట్టిన కాలం ఇంచుమించు నాలుగేళ్లు.

ఆ పంతులు ఉద్యోగాన్ని నేను యాదృచ్ఛికంగా చూడను. రేషనింగు కార్యాలయంలో పని ఎప్పుడు ముగుస్తుందో పై అధికారి చెప్పాలి. బడిలో గంట కొడితే పని ముగుస్తుంది. సెలవులు ముందే తెలుస్తాయి. చెప్పే విషయం అప్పటికే తలలో ఉంటుంది గనుక రాత్రి న్యాయశాస్త్రానికి మిగులుతుంది. లా చదివేవాడికి ఎంత జీతం వస్తుందన్నదానికంటే పని ఎన్ని గంటలకు ముగుస్తుందో ముందే తెలియడం ముఖ్యం. నా దగ్గరకు వచ్చే పిల్లలకు నేను ఇచ్చే మొదటి సలహా కూడా ఇదే.

సంజీవయ్యకు పాతికేళ్ల ముందు ఇదే బాటలో మరొకరు నడిచారు. అమెరికాలో, లండన్‌లో చదువుతున్న అంబేడ్కర్ బరోడా సంస్థానం ఇచ్చిన ఉపకారవేతనం గడువు తీరడంతో 1917లో తిరిగి రావలసి వచ్చింది. ఆయన 1918 నవంబరులో బొంబాయి సిడెన్‌హామ్ కళాశాలలో ఆచార్యుడిగా చేరి, జీతంలో పొదుపు చేసి, 1920లో ఆ ఉద్యోగం వదిలి లండన్‌కు తిరిగి వెళ్లారు. బారిస్టరు పట్టా, డాక్టరేటు ఆ తరువాతి మూడేళ్లలో వచ్చాయి. ఉద్యోగం చేసి, చదువును కొనుక్కుని, మళ్లీ ఉద్యోగానికి రావడం ఆయనకు అనుభవం. అందుకే 1946లో బొంబాయిలో సిద్ధార్థ కళాశాల స్థాపించినప్పుడు, పగలు ఉద్యోగాలు చేసుకునే పేద యువకులకు అందేలా ఉదయం పూట తరగతులు పెట్టించారు. సామాజిక న్యాయాన్ని ఆయన కళాశాల కాలపట్టికలోనే రాసిపెట్టారు. సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే సంజీవయ్య మద్రాసులో గణితం చెబుతూ లా చదువుతున్నారు.

ఇప్పుడు ఈనాటికి వద్దాం. లా కోర్సులకు ఇవాళ వర్తిస్తున్నవి భారత బార్ కౌన్సిల్ 2008లో చేసిన నియమాలు. వాటి ప్రకారం వారానికి కనీసం 30 గంటల బోధన ఉండాలి. ఆవాసం లేని కళాశాలల్లో తరగతులు ఉదయం 8 గంటలకూ సాయంత్రం 7 గంటలకూ మధ్యనే జరగాలి. 70 శాతం హాజరు తప్పనిసరి. అసాధారణ కారణాలుంటే 65 శాతం దాకా సడలింపు ఉంటుంది. 2024లో బార్ కౌన్సిల్ మరో ఉత్తర్వు పంపింది. చదివే కాలంలో తాను ఉద్యోగం చేస్తున్నదీ లేనిదీ విద్యార్థి రాతపూర్వకంగా ప్రకటించాలి. చేస్తుంటే యజమాని నుంచి నిరభ్యంతర పత్రం ఉండాలి. కళాశాలలు బయోమెట్రిక్ హాజరు, కెమెరాలు పెట్టాలి.

సంజీవయ్య గణితం పంతులు గనుక ఈ విషయాన్ని లెక్కగానే చూద్దాం. ఉదయం 8 నుంచి సాయంత్రం 7 వరకు 11 గంటలు. వారానికి ఆరు రోజులు, మొత్తం 66 గంటలు. పూర్తికాలపు ఉద్యోగానికి మన కార్మిక చట్టాల పరిమితి వారానికి 48 గంటలు. దానికి 30 గంటల తరగతులు కలిపితే 78. అరవైఆరులో డెబ్బైఎనిమిది ఇమడదు. హాజరును 70 శాతానికి కుదించి 21 గంటలే లెక్కించినా 69 అవుతుంది. అదీ ఇమడదు. హిందూపురం నుంచి అనంతపురానికి వంద కిలోమీటర్లు దాటిన ప్రయాణం. ఆ గంటలను నేను ఇంకా కలపనే లేదు. నిబంధనలో ఎక్కడా కులం పేరు లేదు. కానీ పగటిపూట జీతం లేకుండా మూడేళ్లు ఎవరు గడపగలరు అని అడిగి చూడండి. జవాబులో కులం దానంతట అదే పలుకుతుంది.

ఉద్యోగాలు లేవని కాదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్ల కర్మాగారం వచ్చింది. హిందూపురం పక్కన తూముకుంటలో పారిశ్రామికవాడ ఉంది. ధర్మవరంలో పట్టు వ్యాపారం ఉంది. మరీ కాదంటే బెంగళూరు రైలు ఉంది. కానీ లా విద్యార్థికి కావలసిన ఉద్యోగం వేరు. వారం వారం షిఫ్టు మారే పని అతడికి పనికిరాదు. ఈ వారం కుదిరిన తరగతి వచ్చే వారం కుదరదు. ఎప్పుడూ ఒకే వేళకు ఉండే రాత్రి పని, సాయంత్రం పూట ట్యూషను, మధ్యాహ్నం తరువాత తెరుచుకునే దుకాణంలో లెక్కలు, సీనియర్ న్యాయవాది దగ్గర సాయంత్రపు గుమాస్తా పని వంటివే నప్పుతాయి. ప్రభుత్వ ఉద్యోగి అయితే శాఖ అనుమతి ముందుగా తీసుకోవాలి. ప్రైవేటు ఉద్యోగి అయితే యజమాని రాసిచ్చే కాగితాన్ని చేరిన రోజే అడగాలి, పరీక్షల ముందు కాదు. కళాశాల ఎంచుకునేటప్పుడు భవనాన్ని చూడకండి, తరగతుల వేళలు చూడండి. ఇల్లు, పని, కళాశాల మూడూ మూడు ఊళ్లలో ఉంటే చదువు సాగదు. కనీసం రెండైనా ఒకే ఊళ్లో ఉండాలి.

బార్ కౌన్సిల్ వాదనలో న్యాయం లేదని నేను అనను. తరగతికి ఒక్కరోజూ రాకుండా పట్టా పుచ్చుకుని కోర్టుకు వచ్చినవారిని నేను చూశాను. వారికి వకాల్తా ఇచ్చి మోసపోయేది ఏ పెద్దమనిషో కాదు. పొలం గట్టు తగాదాలోనో, అట్రాసిటీ కేసులోనో దిక్కుతోచని పేదవాడే. న్యాయవాది నాణ్యత దళితుడికే ఎక్కువ అవసరం. కాబట్టి హాజరు పట్టించుకోవద్దని అడగడం మన పని కాదు. కానీ కొన్ని చోట్ల హాజరు అంగడి సరుకైందని ఈ రంగంలో ఉన్నవారందరికీ తెలుసు. డబ్బున్నవాడు రాని రోజులను కొనుక్కుంటాడు. డబ్బులేనివాడు నిజాయితీగా వచ్చి కూలి పోగొట్టుకుంటాడు, లేదా చదువు మానేస్తాడు. కెమెరా పెట్టినంత మాత్రాన ఈ తేడా పోదు. పని చేసుకునేవాడు రాగలిగే వేళలో నిజమైన తరగతి పెడితే పోతుంది.

పట్టా వచ్చాక కూడా గేట్లున్నాయి. న్యాయవాదిగా నమోదైనవాడు పూర్తికాలపు జీతం ఉద్యోగం చేయరాదన్నది నియమం. అంటే చదువుకునేప్పుడు నిలబెట్టిన ఉద్యోగాన్ని కోటు వేసుకున్న రోజున వదిలేయాలి. సీనియర్ దగ్గర మొదటి రెండు మూడేళ్లు చేతికి వచ్చేది దారిఖర్చులే. నమోదు రుసుము పేరుతో రాష్ట్ర బార్ కౌన్సిళ్లు వేలకు వేలు వసూలు చేస్తుంటే, 2024 జులై 30న సుప్రీంకోర్టు అడ్డుకట్ట వేసింది. చట్టం చెప్పిన దానికి మించి తీసుకోరాదని, ఇతరులకు 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు మాత్రమేనని తేల్చింది. రుసుముల గేటు తెరుచుకుంది. గంటల గేటు ఇంకా మూసే ఉంది.

సంజీవయ్య ఆ గేటు దాటి ఏం చేశారో గుర్తు చేసుకుంటే, దాన్ని మూసి మనం ఏం పోగొట్టుకుంటున్నామో తెలుస్తుంది. 1960 జనవరి 11న, 38 ఏళ్ల వయసులో, ఆయన ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన కూర్చున్న కుర్చీ అంతకుముందు అదే అనంతపురం కళాశాలలో చదివిన సంజీవరెడ్డిది. రెండేళ్ల పైచిలుకు సాగిన ఆ పాలనలో వృద్ధాప్య పింఛన్లు మొదలయ్యాయి. భూమిలేని పేదలకు బంజరు భూముల పంపిణీ జరిగింది. 1961లో అవినీతి నిరోధక శాఖ ఏర్పడింది. 1962 మార్చిలో పదవి దిగాక కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు. 1964లో కేంద్ర కార్మిక, ఉపాధి మంత్రి అయ్యారు. ఆయన ఆ శాఖలో ఉండగానే 1965లో బోనస్ చెల్లింపు చట్టం వచ్చింది. ఏడాది పొడవునా చేసిన కష్టంలో కార్మికుడికి జీతానికి మించిన వాటా ఉందని చట్టం ఒప్పుకున్నది అప్పుడే. గుమాస్తాగా, పంతులుగా నెల జీతం కోసం ఎదురుచూసిన మనిషి ఆ కుర్చీలో కూర్చోవడం కార్మికులకు చిన్న విషయం కాదు. 1972 మే నెలలో ఢిల్లీలో ఆయన మరణించే నాటికి వయసు 51 ఏళ్లు.

ఇప్పుడాయన పేరుతో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఉద్యానవనం ఉంది. విశాఖపట్నం దగ్గర సబ్బవరంలో జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. తెలుగు నేల మీద న్యాయ విద్యాలయానికి ఆయన పేరు పెట్టడం సముచితమే. కానీ అక్కడి ప్రధాన కోర్సు ఐదేళ్లది. ఆవాసం, పూర్తికాలపు చదువు, జాతీయ ప్రవేశ పరీక్ష. రిజర్వేషన్లున్నాయి, ఉపకారవేతనాలున్నాయి, వాటితో చదివి వస్తున్న మన పిల్లలున్నారు. వారిని చూసి నేను గర్విస్తాను. అయినా, పగలు బడిలో గణితం చెప్పి పొట్టపోసుకునే పాతికేళ్ల పట్టభద్రుడు ఇవాళ ఆ గేటు ముందు నిలబడితే అతడికి సరిపడే తరగతి లోపల లేదు. ఆ గేటు మీద ఉన్నది అలాంటి పట్టభద్రుడి పేరే.

దళిత ఉద్యమాలు సీట్ల గురించి పోరాడాయి, ఫీజుల గురించి పోరాడాయి, హాస్టళ్ల గురించి పోరాడాయి. ఇక గంటల గురించి పోరాడాలి. నేను అడిగేది మూడే. మొదటిది, మూడేళ్ల కోర్సును అవే బోధన గంటలతో, అవే పరీక్షలతో నాలుగేళ్లకు పంచి, పని చేసుకునేవారికి సాయంత్రం, ఆదివారం తరగతులు పెట్టేందుకు బార్ కౌన్సిల్ నియమాలు సవరించాలి. రెండోది, ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ఇలాంటి విభాగాన్ని ముందుగా వెనుకబడిన ప్రాంతాల్లో తెరవాలి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ ఒకే రైలు మార్గం మీద ఉన్నాయి, మూడింటా కోర్టులున్నాయి, మూడింటా పనిచేస్తూ చదవాలనుకునే యువత ఉంది. ఈ మూడింటిలో ఏ ఒక్క ఊళ్లో తరగతి పెట్టినా మిగతా రెండు ఊళ్లకూ అందుతుంది. మూడోది, నిరభ్యంతర పత్రం యజమాని దయ కాకూడదు. పని గంటలకు భంగం కలగనప్పుడు దాన్ని ఇచ్చి తీరాలని కార్మిక శాఖ చెప్పాలి.

అట్రాసిటీ కేసుల్లో మన తరఫున నిలబడేవాడు ఎక్కడి నుంచి రావాలి అన్నదే చివరికి ఇందులోని ప్రశ్న. ఈ రాత్రి ఏదో కర్మాగారంలో షిఫ్టుకు వెళ్తున్న యువకుడు, రేపు పొద్దున ధర్మవరంలో కొట్టు తాళం తీయబోయే యువతి ఆ న్యాయవాదులు కాగలరు. వారికి తెలివి ఉంది, పట్టుదల ఉంది. వారానికి కొన్ని గంటలు సరైన వేళలో ఇవ్వగలిగితే చాలు. ఫిబ్రవరి 14న దండలు వేసే చేతులు ఈసారి ఒక కాలపట్టిక కూడా పట్టుకుని వస్తే, అది ఆ గణితం పంతులికి అసలైన నివాళి.